భయం దిగేదాకా

2024 సెప్టెంబర్ 3, మంగళవారం, కర్నూలు

ఆదివారం రాత్రి స్టార్ మాలో బిగ్‌బాస్ ఎనిమిదో సీజను మొదలైంది. ఆ రోజే బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగింది. మా స్టాఫ్‌రూములో నిన్నా ఇవాళా ఈ రెండే మాటలు. "కొన్నాళ్లు కానీ మేడమ్, ఆ ఇంట్లో బోకులు ఎవరు తోమాల అన్నకాడ కొట్లాట మొదలైతాది. శుభ్రం గురించి మాట్లాడినోళ్లకి ఓసీడీ అని పేరు పెడతారు" అన్నాడు సైన్సు సారు.

తొమ్మిదో తరగతిలో పెన్సిళ్లు వరసగా పేర్చుకునే పిల్లవాడిని పక్కవాళ్లు పిలిచేదీ ఆ పేరుతోనే. వాడు నవ్వేసి ఊరుకుంటాడు. వాడికి జబ్బేమీ లేదు. పెన్సిళ్లు వరసగా ఉంటే వాడికి ఇష్టం, అంతే.

ఓసీడీ అంటే అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్. ఆ జబ్బులో ఇష్టమన్నదే ఉండదు. వద్దన్నా ఒక ఆలోచన వచ్చి కూర్చుంటుంది: చేతికి ఏదో అంటింది, గ్యాస్ కట్టలేదు, దేవుణ్ణి తిట్టాను, పసిబిడ్డకు నావల్ల ఏదో అవుతుంది. ఆ భయం తగ్గడానికి ఏదో ఒక పని చేయాలి. కడగాలి, తలుపు గడియ మళ్లీ చూడాలి, లెక్కపెట్టాలి, మనసులో మంత్రం చదవాలి, ఇంట్లోవాళ్లని అడిగిందే అడగాలి. చేస్తే కాసేపు ఊరట. ఆ ఊరటే మరుసటిసారి ఆలోచనకు బలమిస్తుంది. రోజుకు గంటకు పైగా ఇందులోనే పోతున్నా, దీనివల్ల చదువూ పనీ కుంటుపడుతున్నా డాక్టర్లు జబ్బు అంటారు. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో పెద్దవాళ్లలో నూటికి దాదాపు ఒకరికి ఇది ఉంది. ఆ లెక్కన కర్నూలు ఒక్క ఊళ్లోనే వేలమంది.

మా అక్క ఇంట్లో ఆ మూడక్షరాలు ఎవరూ నవ్వుతూ పలకరు. ఆమె కూతురికి ఇరవై రెండేళ్లు. పేరు రాయను. ఇంట్లో అందరం పాప అనే పిలుస్తాం.

సెప్టెంబర్ 8, ఆదివారం

చవితి మరునాడు. 'మహానుభావుడు' మళ్లీ చూశాను, ఈసారి పక్కన కాగితం పెట్టుకుని. 2017 దసరాకి వచ్చిన సినిమా, దర్శకుడు మారుతి. అంతకు రెండేళ్ల ముందు 'భలే భలే మగాడివోయ్'లో ఆయనే మతిమరుపును కథ చేసి నవ్వించారు. ఇందులో శర్వానంద్ బాగా చేశాడు, ముఖ్యంగా ఎవరినైనా ముట్టుకోవాల్సి వస్తే వేళ్లు వెనక్కిపోయే తీరు. హాల్లో మనం నవ్వింది ఆ వేళ్లను చూసే.

తెలుగువాళ్లలో చాలామందికి ఈ జబ్బు పేరు తెలిసింది ఈ సినిమాతోనే. ఆ మేలు కాదనను. కానీ కథ కోసం జబ్బు ఒక వింత గుణం అయిపోయింది, ప్రేమ దానికి మందు అయింది. పిల్ల కోసం పల్లెకు పోయి మట్టిలో కుస్తీకి దిగితే మనిషి సగం బాగుపడినట్టే. డాక్టరు దగ్గర నెలల తరబడి కూర్చునే ఓపిక ఆ కథకు లేదు.

అయినా సినిమా అల్లిన కథేనని అందరికీ తెలుసు. రియాలిటీ షో అలా కాదు. ఇది నిజం అని ముందే చెప్పి మొదలవుతుంది. మా బావ ఈ సినిమా చూసి నవ్వాడే తప్ప ఏమీ చేయలేదు. ఫోనులోకి వచ్చిన షో ముక్క చూసి చేశాడు. అక్క ఫోనులో సగం చెప్పి ఏడ్చింది. అక్కవాళ్లుండే కడపకు పోయి విన్నాకే రాస్తాను.

సెప్టెంబర్ 14, శనివారం రాత్రి

రెండో శనివారం, బడి లేదు. పొద్దంతా ఆ షోల ముక్కలు చూస్తూ కూర్చున్నాను. కళ్లు మండుతున్నాయి.

అమెరికాలో 2009లో ఏ అండ్ ఈ ఛానెల్ 'అబ్సెస్డ్' మొదలుపెట్టింది. అదే ఛానెల్లో అదే ఏడు 'హోర్డర్స్' వచ్చింది. మరుసటి ఏడు వీహెచ్1లో 'ద ఓసీడీ ప్రాజెక్ట్'. ఈ చివరిదాంట్లో రోగులను ఒకే ఇంట్లో ఉంచి చికిత్స చేస్తారు. చేసింది డేవిడ్ టోలిన్ అనే సైకాలజిస్టు, ఈ జబ్బు మీద నిజంగా పనిచేసిన మనిషి. అందుకే ఆ షోను దొంగ వైద్యమని కొట్టిపారేయలేను.

ఆ చికిత్సకు పుట్టుక 1966 లండన్‌లో. విక్టర్ మేయర్ అనే సైకాలజిస్టు, ఏ వైద్యానికీ లొంగని ఇద్దరు రోగుల మీద కొత్త పద్ధతి ప్రయత్నించాడు. భయపడే వస్తువుకు దగ్గరగా ఉంచడం, ఆ తర్వాత చేసే కడుగుడును ఆపడం. నర్సులు రోజంతా తోడుండేవాళ్లు. తర్వాత ఎడ్నా ఫోవా వంటివాళ్లు దాన్ని పద్ధతిగా తీర్చిదిద్దారు. ఇప్పుడు ఎక్స్‌పోజర్ అండ్ రెస్పాన్స్ ప్రివెన్షన్ అంటారు, పొట్టిగా ఈఆర్‌పీ. భయం దానంతట అది ఎంతసేపని ఉంటుంది? ఏమీ చేయకుండా దాన్ని ఉండనిస్తే మెల్లగా దిగుతుంది. ఒకవేళ పూర్తిగా దిగకపోయినా, అనుకున్న ఘోరం జరగలేదని, ఈ భయాన్ని మోయగలనని మనిషికి తెలుస్తుంది. చికిత్స మొత్తం ఆ ఉండనివ్వడంలో ఉంది.

షోలో అదే ఉండదు. చెయ్యి చెత్తడబ్బాలోకి పోయిన క్షణం ఉంటుంది. ఏడుపు ఉంటుంది, ముఖం మీదికి కెమెరా జరుగుతుంది, డప్పు మోగినట్టు సంగీతం. ప్రకటనలు. తిరిగొచ్చేసరికి రోగి నవ్వుతూ ఉంటుంది. మధ్యలో గడిచిన ముప్పావుగంటో గంటో కత్తిరింపులో పోయింది. చూసేవాడికి మిగిలిందేమిటంటే చెయ్యి పట్టి మురికిలో పెట్టాలి, ఏడవనివ్వాలి, బాగైపోతుంది.

'హోర్డర్స్' నాకు ఇంకా కష్టమైంది. వస్తువులు పోగేసుకునే జబ్బును 2013లో అమెరికా మానసిక వైద్యుల జబ్బుల జాబితా డీఎస్‌ఎమ్-5 వేరే జబ్బుగా విడదీసింది, సరే. కానీ ఒక ముసలామె ఇంటి ముందు లారీ నిలబడి ఉండగా, ఆమె పోగుచేసుకున్నదంతా పదిమంది మోసుకుపోతుంటే కెమెరా ఆమె కళ్ల దగ్గర ఆగి ఉండటం చూడలేకపోయాను.

బ్రిటన్‌లో ఛానెల్ 4 వాళ్లది 'అబ్సెసివ్ కంపల్సివ్ క్లీనర్స్', 2013. రోజంతా కడుగుతూ ఉండే మనుషులను తీసుకెళ్లి, ఏళ్లుగా ఊడ్చని ఇళ్లు శుభ్రం చేయిస్తారు. ఇందులో చికిత్స అన్నమాటే లేదు. ఏ పని మానితే ఆ మనిషికి మేలో ఆ పనినే చప్పట్లతో చేయించారు. జనం బాగా చూశారు, సీజన్ల మీద సీజన్లు నడిచింది.

సెప్టెంబర్ 15

నిన్న రాసినదానికి ఒకటి కలపాలి. కత్తిరింపులో పోయేది తర్వాతి గంట ఒక్కటే కాదు. ముందు జరిగినదీ పోతుంది. రోగీ డాక్టరూ కూర్చుని ఏ భయం చిన్నది, ఏది పెద్దది అని జాబితా రాసుకోవడం, ఎక్కడ మొదలుపెట్టాలో రోగే చెప్పడం, ఇవాళ వద్దంటే మానుకోవడం. ఒప్పుకోలు తెరమీద కనపడకపోతే, చూసేవాళ్లకి అది బలవంతంగానే కనిపిస్తుంది.

సెప్టెంబర్ 29, ఆదివారం, కడప

తెల్లవారుజామున బస్సు ఎక్కాను. నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు. దారిలో కేసీ కాలువ కింద వరి పచ్చగా ఉంది. శ్రీశైలం నిండిన ఏడు కదా.

బావది బండల వ్యాపారం. పాలిషింగు యూనిట్ నుంచి ఇంటికొచ్చేసరికి రెప్పల మీద కూడా రాతిదుమ్ము. పాప జబ్బు పట్టుకున్నది ఆ దుమ్మునే. ఆయన పెరట్లో స్నానం చేసి, బట్టలు అక్కడే విడిచి, వేరే చెప్పులతో లోపలికి రావాలి. వచ్చాక "తల తడిపినావా నాన్నా? మెడ వెనక?" అని అడుగుతుంది. ఆయన చెప్తాడు. మళ్లీ అడుగుతుంది. ఏళ్లుగా ఇదే. ఆ దుమ్ముతోనే ఆమెను చదివించాడు. కూతురు తనని అంటరానివాడిలా చూస్తోందని ఆయన లోపల ఎంత కుమిలాడో ఎవరికీ చెప్పలేదు.

ఆగస్టులో ఎవరో ఆయన ఫోనుకు ఒక వీడియో పంపారు. అమెరికా షో ముక్క, మీద తెలుగు గొంతు. డాక్టరు ఒకమ్మాయి చేత నేల ముట్టిస్తాడు, ఆమె ఏడుస్తుంది, తర్వాత నవ్వుతుంది. నిమిషం కూడా లేదు. ఆ సాయంత్రం బావ స్నానం చేయకుండా లోపలికి వచ్చాడు. పాప మణికట్టు పట్టుకుని తన చొక్కాకు రుద్దాడు, బాత్రూము నేలకు ఆనించాడు. "చూడు, ఏమన్నా ఐందా? ఏమన్నా ఐందా?" అని అరుస్తూనే ఉన్నాడట. తను కూడా ఏడుస్తూ.

ఆ రాత్రి నుంచి పాప ఇంట్లో వండినది తినడం మానేసింది. గదిలోంచి బయటికి రాలేదు. అంతకుముందు దుమ్ము ఒక్కటే భయం, ఇప్పుడు నాన్న అడుగుల చప్పుడు కూడా.

"ఆ టీవీలో డాక్టరు గూడా అట్లనే జేసె గదమ్మా. ఆ పిల్ల బాగైపాయ గద" అన్నాడు బావ. నన్ను చూడకుండా, గోడకేసి చూస్తూ అన్నాడు. ఆయన మీద నాకు కోపం రాలేదు. ప్రేమ ఉన్న మనిషి, తెరమీద చూసినది చూసినట్టే చేశాడు. ఆ ముక్క కోసినవాళ్లు అందులో ఏం తీసేశారో ఆయనకెలా తెలుస్తుంది?

పాప నాతో మేడమీద మాట్లాడింది. "నాన్న మీద కోపం లేదు పిన్నమ్మా. వద్దు అన్నా. ఒగ మాట వద్దు అన్నప్పుడు ఇడిసిపెట్టింటే, మల్లా ఎప్పుడన్నా నేనే పట్టుకుందునేమో."

అక్క చేసేది మరో రకం. పాప బిందె వేరు, సబ్బు వేరు, దండెం వేరు. ఏం అడిగినా "శుభ్రంగానే ఉంది తల్లీ" అని జవాబు. ఇంటిల్లిపాదీ జబ్బుకు ఊడిగం చేస్తారు, దయతోనే. ఈ జబ్బున్న ఏ ఇంటికి పోయినా ఇదే. తెరమీద మాత్రం కుటుంబం అంటే కసరడమో, కౌగిలించుకోవడమో.

అక్టోబర్ 10, గురువారం

ప్రపంచ మానసిక ఆరోగ్య దినం. ఈ ఏడు పని చేసేచోట మానసిక ఆరోగ్యం గురించి మాట్లాడమన్నారు. టీవీలో ఒత్తిడి తగ్గించుకునే చిట్కాలు చెప్పారు. దసరా సెలవులు అయ్యాక ప్రార్థనా మైదానంలో పిల్లల చేత 14416 అని గట్టిగా చెప్పించాలి. టెలీమానస్ నంబరు, 2022లో ఈ రోజునే మొదలైంది. తెలుగులో మాట్లాడతారు, డబ్బులు పడవు. నోట్సు వెనక అట్ట మీద రాసుకోమనాలి.

అక్టోబర్ 20, ఆదివారం

నీళ్ల గురించి.

ఆ షోలన్నిటిలో కొళాయి ఆగకుండా పారుతూ ఉంటుంది. తెల్లటి సింకు, వేడినీళ్లు, ఎర్రబడిన చేతులు. రాయలసీమలో ఈ జబ్బు అలా ఉండదు. తుంగభద్ర సన్నబడి సుంకేసుల అడుగంటిన ఎండాకాలంలో కర్నూలు వీధుల్లో కొళాయి వచ్చే వేళ కోసం ఆడవాళ్లు నిద్ర మానుకుంటారు. కడపలో అక్కవాళ్ల వీధికి ట్యాంకరు వస్తే బిందెలు వరస కడతాయి. అలాంటిచోట ఒక మనిషి చేతులు కడుగుతూనే ఉందంటే అది ఆ ఇంటి గుట్టుగా మిగలదు, వీధి తగాదా అవుతుంది. "మీ పాప పోసుకున్న నీళ్లతో మా ఇంట్లో రెండ్రోజులు ఎల్లిపోతాది" అని పక్కింటామె అక్కతో అన్న మాట పాప చెవిన పడింది.

తర్వాత జరిగింది ఏ షోలోనూ నేను చూడలేదు. నీళ్లు చాలవని తెలిసిన రోజున పాప అసలు స్నానమే మొదలుపెట్టదు. మొదలుపెడితే సరిగ్గా పూర్తి కావాలి, పూర్తి కాదు కాబట్టి వద్దు. వేసవిలో రోజుల తరబడి అదే బట్టలతో, మంచం మీద ఒక మూలన, దేన్నీ తాకకుండా కూర్చునేది. చూసిన చుట్టాలు "దీనికేం శుభ్రం పిచ్చి? తల దువ్వుకుని ఎన్నాళ్లయిందో" అనేవాళ్లు. ఈ జబ్బున్న ఇల్లు మెరుస్తూ ఉంటుందని టీవీ నేర్పింది. భయపడి తప్పించుకోవడం కూడా ఈ జబ్బే.

2020లో టీవీ పెడితే చాలు, ఇరవై సెకన్లు చేతులు కడుక్కోండి అనేవాళ్లు. పాపకు అప్పుడు పద్దెనిమిదేళ్లు. "ఆ కొన్ని నెలలే పిన్నమ్మా, నేను మామూలు మనిషిలెక్క ఉండింది. ఊరంతా నా మాదిరే" అంది నాతో. ఆమె జబ్బు గట్టిపడింది ఆ నెలల్లోనే.

నవంబర్ 3, ఆదివారం, కర్నూలు

పాతబస్తీలో మా ఉర్దూ టీచరమ్మ ఇంటికి పోయాను. వాళ్ల తమ్ముడికి ఈ జబ్బు వజూ దగ్గర, అంటే నమాజుకు ముందు కాళ్లూ చేతులూ కడుక్కునే దగ్గర పట్టుకుంది. మోచెయ్యి తడిసిందా లేదా, వరస తప్పిందా. మొదటినుంచి మళ్లీ. అతను లేచేసరికి జమాత్ అయిపోయేది. మసీదులో పెద్దాయన మంచిమాట చెప్పారట: వస్వసా, అంటే మనసులో గుచ్చే అనుమానం, వస్తే దానికి జవాబియ్యొద్దు, చేసింది చేసినట్టే లెక్క, లేచి నమాజుకు నిలబడు. ఆ తర్వాత డాక్టరుకు చూపించమనీ ఆయనే పంపారు. డాక్టర్లు చెప్పేదీ అదే కదా, అనుమానాన్ని అలా వదిలేసి ముందుకు పొమ్మని.

మా హిందూ ఇళ్లలో మడి, అంటు, మైల. దీపం కొండెక్కితే అపశకునమని వత్తిని చూస్తూ రాత్రంతా మేలుకున్న ఒక పెద్దావిడ నాకు తెలుసు. చాదస్తం అని అందరూ గౌరవంగా వదిలేశారు. ఆమె ఏ వైద్యమూ అందకుండానే పోయారు.

కెమెరాకు దొరకని బాధలు ఇంకా ఉన్నాయి. బాలింత ఒకామె వంటింట్లో కత్తిపీటలు అన్నీ అటక మీద దాచింది. బిడ్డను తానేదో చేసేస్తానేమోనన్న ఆలోచన. ఆ ఆలోచనకు ఆమె వణికిపోతుంది, అందుకే దాచింది. ఇలాంటివాళ్లు ఆ ఆలోచన ప్రకారం నడుచుకునే మనుషులు కారని, తమ ఆలోచనను చూసి తామే హడలిపోయేవాళ్లని మానసిక వైద్యులు ఎప్పటినుంచో చెబుతున్నారు. మన టీవీ చేతికి ఆమె దొరికితే కింద ఎర్రక్షరాల్లో ఏం రాస్తారో తలుచుకుంటేనే భయమేస్తుంది. ఆమె కడగదు, సర్దదు. అన్నీ మనసులోనే చేస్తుంది. దేవుడి పేరు లెక్కపెట్టుకుంటూ బిడ్డకు పాలిస్తుంది. అందులో తీయడానికి ఏముంది?

నవంబర్ 10

అక్క ఫోనులో అడిగింది: "టీవీ వాళ్లకి రాస్తే వాళ్లే డాక్టర్ని పిలిపిస్తారంట గదా, ఊరికే చూపిస్తారంట." ఎవరో చెప్పారట. జీ తెలుగులో 'బతుకు జట్కా బండి' రోజుల నుంచి మనవాళ్లకు ఈ ఆశ ఉంది, స్టూడియోకు పోతే ఎవరో పెద్దమనిషి కూర్చోబెట్టి తీర్పు చెబుతారని. భార్య ఒకవైపు, మొగుడు ఒకవైపు. తప్పు ఎవరిదో తేలాలి. ఈ జబ్బు అక్కడికి పోతే మా బావను దోషి చేస్తారు, లేదా పాపను మొండిపిల్లను చేస్తారు. వద్దక్కా అన్నాను. గట్టిగానే అన్నాను.

నవంబర్ 19, మంగళవారం

కడప పెద్ద దర్గా ఉరుసు. నిన్న రామ్‌చరణ్ వచ్చాడు, పేపరు నిండా ఆ ఫొటోలే. అక్కవాళ్లు కూడా పాపను తీసుకుని దర్గాకు పోయేవాళ్లు, దేవుని కడప గుడికీ పోయేవాళ్లు. ఆ ఆవరణలో కూర్చుంటే మనసు నిమ్మళించేదని పాపే అంటుంది. అక్కడికి పోవద్దని నేనెప్పుడూ చెప్పలేదు. మందు మానొద్దని మాత్రం చెబుతాను. 2001లో తమిళనాడు ఏర్వాడి దర్గా దగ్గర గొలుసులతో కట్టి ఉంచిన 28 మంది నిప్పుకు ఆహుతయ్యారు. ఆ తర్వాతే దేశం ఈ రోగుల వైపు కాస్త తిరిగి చూసింది.

నన్ను బాధపెట్టేది ఫోన్లు. జనంలో ఎవరైనా ఊగినా, చేసిన పనే మళ్లీ మళ్లీ చేస్తున్నా పదిమంది వీడియో తీస్తారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో 24వ సెక్షను ఉంది. చికిత్సలో ఉన్న మనిషి ఫొటో గానీ వివరం గానీ ఆ మనిషి ఒప్పుకోకుండా మీడియాకు ఇవ్వకూడదని అందులో రాశారు. ఆసుపత్రి గోడల లోపలి మాట అది. గోడల బయట ఎవరి మనసు వాళ్లకే చట్టం.

నవంబర్ 24

న్యాయంగా ఇది కూడా రాయాలి. 'క్లీనర్స్' తీసిన ఛానెల్ 4లోనే, అదే 2013లో 'బెడ్లమ్' వచ్చింది. లండన్‌లోని బెత్లెమ్ ఆసుపత్రిలో, ఆందోళన జబ్బుల వార్డులో నెలల తరబడి ఉండి తీశారు. మొదటి భాగంలో ఓసీడీ రోగులున్నారు. ఎవరూ అరవరు. డాక్టరు ఒక చిన్న పని చెప్పి, పక్కన నిలబడి, ఊరికే ఉంటాడు. రోగి సిగ్గుపడే ఆలోచనను కూడా మామూలు గొంతుతో మాట్లాడతారు. అంటే కెమెరాతో చేయరాని పనేమీ కాదిది.

డిసెంబర్ 1, ఆదివారం, కడప

పాప ఒప్పుకుంది కాబట్టి ఆమె చికిత్సలో నేనూ కూర్చున్నాను. వైద్యం చేసేది ఒక డాక్టరమ్మ, ఆమె దగ్గర పనిచేసే సైకాలజిస్టు. అంతకుముందు బెంగళూరు నిమ్హాన్స్‌కు పోదామనుకున్నాం, అక్కడ ఈ జబ్బుకు ప్రత్యేకంగా క్లినిక్ ఉంది. దూరం, సెలవులు, ఖర్చు. ఇక్కడే దొరికారు, అదృష్టం. మా రెండు ఊళ్లలో మందు రాసే డాక్టర్లు దొరుకుతారు. పక్కన కూర్చుని భయం దిగేదాకా ఉండే మనిషి దొరకడమే కష్టం.

మందు ముందు మొదలైంది. సెర్ట్రలీన్. ఈ జబ్బుకు మోతాదు మెల్లగా పెంచుతూ, దిగులు జబ్బుకు ఇచ్చేదానికంటే ఎక్కువకు తీసుకుపోతారట. పని చేసిందో లేదో తేలడానికి ఎనిమిది నుంచి పన్నెండు వారాలు. బావ రెండో వారమే "గుణం కనపడలే" అన్నాడు. డాక్టరమ్మ కసరలేదు, క్యాలెండర్లో తేదీ చూపించింది.

జాబితా పాపే రాసింది, ఒక్కోదానికీ నూటికి ఎంత భయమో పక్కన అంకె వేసి. నాన్న చెప్పులున్న గుమ్మం దగ్గర నిలబడటం, 30. ఉతికిన నాన్న చొక్కా తన కుర్చీ మీద వేయడం, 45. ఆయన పనికిపోయి వచ్చిన బండి సీటు ముట్టుకోవడం, 70. అన్నిటికంటే పైన: ఆయన పక్కన కూర్చుని అన్నం తినడం, 100. జాబితా అంతటా చెత్తడబ్బా లేదు, మరుగుదొడ్డి లేదు. అన్నీ మామూలు ఇంట్లో మామూలు మనుషులు చేసేవే. ఆమె పోగొట్టుకున్నదీ అవే.

ఇవాళ బండి సీటు. వాకిట్లో బావ బండి నిలబెట్టాడు. ఆయన్ని లోపలికి పొమ్మన్నారు, పోయాడు. సైకాలజిస్టు ముందు తన అరచెయ్యి సీటు మీద ఆనించింది. తర్వాత పాప ఆనించింది. ఎవరూ పట్టుకోలేదు. చెయ్యి తీశాక కడగకూడదు, తుడవకూడదు, ఒళ్లో పెట్టుకుని కూర్చోవాలి. "ఎంత?" "ఎనబై." ముగ్గురం అరుగు మీద కూర్చున్నాం. ఎదురింటామె బియ్యం చెరుగుతోంది. ఐదు నిమిషాలకొకసారి సైకాలజిస్టు "ఎంత?" అని అడుగుతుంది. ఎనబై. ఎనబై ఐదు. పాప మెడ మీద చెమట. "పిన్నమ్మా, ఏం కాదు గదా?" అంది నాతో. నేను నోరు తెరిచేలోపు సైకాలజిస్టు తల అడ్డంగా ఊపింది. జవాబు చెప్పకూడదు. ఏం కాదు అన్న మాట కూడా ఒక రకం కడుగుడే. ఎనబై. డెబ్బై ఐదు. కోడి ఒకటి వచ్చి బండి కింద గీకింది. డెబ్బై ఐదు. డెబ్బై ఐదు. ఇంక దిగదేమో అనుకున్నాను. అరవై. చాలాసేపు అరవై. తర్వాత పాప ఎదురింటామెను "అక్కా, సోనా మసూరియా?" అని అడిగింది. సైకాలజిస్టు అంకె అడగలేదు, కాసేపయ్యాక అడిగింది. నలబై.

ఇదంతా తీస్తే ఎవరు చూస్తారు అని నన్ను నేనే అడిగాను. నేను చూశాను, రెప్ప వేయకుండా.

అందరికీ పూర్తిగా పోతుందని చెప్పలేమన్నారు డాక్టరమ్మ. చాలామందికి బతుకు సాగేంత తగ్గుతుంది, మధ్యలో మళ్లీ తల ఎత్తుతుంది, అప్పుడు ఏం చేయాలో పాపకే తెలిసి ఉండాలి అన్నారు.

డిసెంబర్ 16, సోమవారం

నిన్న బిగ్‌బాస్ ముగిసింది, నిఖిల్ గెలిచాడు. స్టాఫ్‌రూములో టీ తాగుతూ అందరూ అదే. నేను సైన్సు సారుకు కడప అరుగు గురించి చెప్పాను, పేర్లు లేకుండా. ఆయన టీ చల్లారేదాకా విన్నాడు. "మేడమ్, మా క్లాసులో ఆ పెన్సిళ్ల పిల్లోడిని అట్ల పిలవకుండా నేను చూసుకుంటా" అన్నాడు.

పాపను కూడా అడిగాను, నీ మీద ఎవరైనా షో తీస్తామంటే ఒప్పుకుంటావా అని. చాలాసేపటి తర్వాత మెసేజి పెట్టింది: "మొహం చూపియ్యకుండా, ఆ గంటంతా కోయకుండా వేస్తామంటే ఆలోచిస్తా. నాన్నని గూడా మంచోడు మాదిరే చూపియ్యాల."

డిసెంబర్ 29, ఆదివారం

ఈ వారం వెనక్కి పోయింది. బ్యాంకు పరీక్ష దగ్గరపడుతోంది, ఆ దిగులో ఏమో, పాప చేతులు మళ్లీ పగిలాయి. బండి సీటు ముట్టుకోలేకపోయింది. సైకాలజిస్టు కంగారుపడలేదట. కిందిమెట్టుకు దిగి చొక్కా దగ్గర మళ్లీ మొదలుపెడదామన్నారు. మందు మోతాదు మార్చలేదు.

బావకు కూడా పని ఇచ్చారు. "మెడ వెనక తడిపినావా నాన్నా?" అంటే అవుననీ కాదనీ చెప్పకూడదు. "ఆ ప్రశ్న జబ్బుది తల్లీ, దానికి జవాబియ్యను, నీతో మాట్లాడతా" అనాలి. కూతురు అడిగితే చెప్పకుండా ఉండటం ఆయనకు చేతకాదు. మాట మరిచిపోతానని క్యాలెండర్ వెనక రాసి పెట్టుకున్నాడు, అద్దం దగ్గర నిలబడి అభ్యాసం చేస్తున్నాడని అక్క చెప్పింది.

సంక్రాంతికి అందరూ కర్నూలు వస్తామంటున్నారు, ఆర్టీసీ బస్సులో. బస్సు కడ్డీ పట్టుకోవడం జాబితాలో ఉంది, 55. బిందె తెచ్చుకోను అని పాపే ముందు ఫోన్ చేసి చెప్పింది. గంటకు మళ్లీ ఫోన్. "పిన్నమ్మా, మీ ఇంట్లో నాకు బాత్రూము వేరేది ఉంటాది గదా?"

ఉంటుందని చెప్పాలనిపించింది. "వచ్చినాక చూద్దాంలే. ముందు చెప్పు, నీకు అరిసెలు నువ్వులతోనా, ఉత్తవేనా?" అన్నాను. కాసేపు అటునుంచి మాట రాలేదు. తర్వాత నువ్వులతో అంది.